గాజులు తియ్యని ఫజిలత్

చర్ల నుంచి అడవిలోకి పోయే బాటల మీద ఏ గూడెంలో అడిగినా ఫజిలత్ గురించి చెబుతారు. పేరుతో అడిగితే కాస్త తటపటాయిస్తారు. "గాజులక్క" అంటే చాలు, పీట వేసి కూర్చోబెట్టి మరీ మొదలుపెడతారు. భుజాన తాడుకు గుచ్చిన గాజుల మలారం, నెత్తిన బుట్ట, బుగ్గన తమలపాకు. నోటికి తాళమన్నది లేదు. ఆమె ఒక వారం రాకపోతే ఆడవాళ్లకు బెంగ గాజుల కోసం కాదు, ఆమె మోసుకొచ్చే కబుర్ల కోసం.

గాజు ఎక్కించడంలో ఆమెను మించినవాళ్లు భద్రాచలం దాకా లేరు. ఉన్నది ఒక్కడే, ఆమె మొగుడు షుకూర్. ఎదుటివాళ్ల బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ల మొదళ్లను రెండు పక్కల నుంచీ దగ్గరకు నొక్కి, ఇంత సబ్బు నురగ రాసి, మాటల్లో పెట్టి, రెండు-ఆరు సైజు చేతికి అంతకన్నా చిన్న రెండు-నాలుగు గాజు ఎక్కించేసేవాడు. నొప్పి తెలిసేలోపు పని అయిపోయేది. ఫజిలత్ ఈ విద్య పెళ్లయ్యాక అతని దగ్గరే నేర్చుకుంది. ఆ ఇంట్లో ఇంకో అలవాటు కూడా ఉండేది. ఊరందరికీ గాజులు వేసే ఫజిలత్ తన గాజులు తాను వేసుకోదు, షుకూరే వెయ్యాలి. మతం చెప్పిన మాటేమీ కాదది, ఆ మొగుడూపెళ్లాల ముచ్చట.

డెబ్బై ఏడులో షుకూర్ ఇరాన్ పోయాడు. ప్లాస్టిక్ గాజులొచ్చి మట్టిగాజుల బేరం పడిపోయిన రోజులవి. హైదరాబాద్ ఏజెంటు ఒకడు మేస్త్రీలు కావాలన్నాడు. షుకూర్ పుట్టి బుద్ధెరిగి తాపీ పట్టినవాడు కాదు. అయినా మేస్త్రీనేనని చెప్పి విమానం ఎక్కేశాడు. చమురు బావుల ఊళ్లో కూలీలకు క్వార్టర్లు కట్టే కంపెనీలో పడ్డాడు. నెల తిరక్కుండానే ఇతనికి గోడ కట్టడం రాదని అక్కడివాళ్లకు తెలిసిపోయింది. మనిషి నచ్చి, సిమెంటు కలిపే పనిలో ఉంచుకున్నారు. ఈ సంగతి ఉత్తరంలో అతనే రాస్తే, ఫజిలత్ చదివి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

మరుసటి ఏడు ఆ నవ్వు పోయింది. ఇరాన్‌లో జనం రాజు మీద తిరగబడ్డారు. చమురు కూలీలు పని మానేశారు, బజార్లు మూతపడ్డాయి, షుకూర్ ఉత్తరాలు ఆగిపోయాయి. ఇక మిగిలింది రేడియో.

రేడియో వెంకటప్పయ్యది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి చర్ల దగ్గర మిరపతోటలు వేసుకున్న పెద్దరైతు ఆయన. చెయ్యీ నోరూ రెండూ పెద్దవే, మనసు మాత్రం మెత్తన. ఇరాన్ కబుర్లు చెప్పే స్టేషన్లన్నీ ఉర్దూలో మాట్లాడేవి. ఆయనకు రేడియో ఉంది, ఉర్దూ లేదు. ఆమెకు ఉర్దూ ఉంది, రేడియో లేదు. అందుకని రోజూ సాయంత్రం తిరుగుడు ముగించుకుని ఫజిలత్ ఆయన అరుగు చివర కూర్చునేది. ఆమె విని తెలుగులో చెబుతుంటే అరుగంతా చెవులొగ్గేది.

స్టేషన్ల పేర్లు ఎవరికీ నోరు తిరిగేవి కావు. మొదట వేణువు వాయించేదాన్ని వేణువు స్టేషన్ అనేవాళ్లు. డోలు మోగించేది డోలు స్టేషన్. మూడోది ఆ రాజుగారి సొంత స్టేషన్. ఊరేగింపు ఒక్కటే, కథలు మూడు. ఇది జనం తిరుగుబాటేగానీ వెనకనుంచి ఉసిగొల్పుతున్నది డోలు దేశమేనని వేణువు స్టేషన్ చెప్పేది. జనం తిరుగుబాటును అణచడానికి వేణువు దేశం తుపాకులు పంపిందని డోలు స్టేషన్ చెప్పేది. జనమంతా ఇళ్లల్లో హాయిగా ఉన్నారు, రోడ్డెక్కింది పరాయి దేశాల డబ్బు తిన్న అల్లరిమూకలని రాజుగారి స్టేషన్ చెప్పేది. ఎవరూ అక్కడి సిమెంటు కూలీల మాట ఎత్తేవాళ్లు కాదు.

"ఇంతకీ ఏది నిజమంటావమ్మాయ్?" అన్నాడు ఒకరోజు వెంకటప్పయ్య.

"పెద్దయ్యా, గూడెంల ఎవరి మేకో చేన్ల పడితే నేను మూడిండ్లల్ల మూడు కథలు వింట. మేకోళ్లు కంచె లేదంటరు. చేనోళ్లు కావాలని తోలిండ్రంటరు. ఎవరికి పనికొచ్చేది వాళ్లు చెప్తరు. చెప్తా చెప్తా ఒక ముక్క జారుతది చూడు, తమకే నష్టమయ్యే ముక్క. నేను గా ముక్కనే పట్టుకుంట."

వెంకటప్పయ్య తలాడించాడుగానీ ఆయన నమ్మకమంతా పేపరు మీద. మధ్యాహ్నం బస్సులో ఒకరోజు ఆలస్యంగా వచ్చే పేపర్ని ఆయన మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నమిలేవాడు.

దీపావళి దాటిన వారంలో ఆ పేపర్లోనే పిడుగు పడింది. లోపలి పేజీలో ఇరాన్ ఫొటో. వెనక మంట, ముందు జనం, మధ్యలో మెడ వంచి ఎవరిదో చెయ్యి పట్టుకున్న ఒక మనిషి. దాని కింద, తిరుగుబాటుదారులకు డబ్బు పంచుతూ దొరికిన విదేశీ ఏజెంటు, సైనికులు అక్కడికక్కడే కాల్చి చంపారు అని రాసి ఉంది. ఆ ముక్కు, ఆ మెడ, భుజం మీద భద్రాచలం అంగట్లో కొన్న గళ్ల తువ్వాలు. వెంకటప్పయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. షుకూరే.

గంటలో చర్లంతా పాకింది. ఇక చూడాలి మాటలు. గోడ కట్టడం రాని షుకూర్ ఒక్క పూటలో ఒక రాజును గద్దె దించే గూఢచారి అయిపోయాడు. గాజుల బుట్టలో ఏమేం పోయేవో ఎవరికి తెలుసని ఒకాయన అన్నాడు. నిన్నటిదాకా ఫజిలత్ ఇంట్లో చాయ్ తాగినవాడే ఆ మాటన్నది. కానిస్టేబుల్ లాలు ఇంటికొచ్చి, నీ మొగుడికి ఏ దేశం జీతమిస్తుందో చెప్పమన్నాడు. ఫజిలత్ తలుపు దగ్గరే నిలబడి, సిమెంటు కలిపే కంపెనీ ఇస్తదని చెప్పింది.

మర్నాడు భద్రాచలం నుంచి గౌస్ వచ్చాడు. షుకూర్ అన్న, అక్కడ సైకిల్ షాపు నడుపుతాడు. ఫజిలత్ దగ్గరే ఉండే తల్లి అమీనా బీ ఒళ్లో తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి, ముఖం కడుక్కుని, ఇంటికి పెద్దవాడిగా చెప్పాల్సిన మాట చెప్పాడు.

"బేటీ, ఇద్దత్‌ల కూర్చో. గాజులు తియ్యి, లచ్ఛా తియ్యి."

ఇద్దత్ అంటే మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఉండాల్సిన కాలం, లచ్ఛా అంటే పెళ్లినాడు మెడలో పడే నల్లపూసలు. గౌస్‌కు ఆమె మీద కోపం లేదు, తమ్ముడికి జరగాల్సిన మర్యాద జరగాలన్నదే అతని ఆరాటం. ఫజిలత్ భయం వేరు. తిరుగుడు ఆగిపోతుందనీ కాదు, బేరం పోతుందనీ కాదు. ఒకసారి తన చేత్తో గాజులు తీస్తే షుకూర్ చచ్చాడని పెళ్లామే ఒప్పుకున్నట్టు. ఇక అతని కోసం హైదరాబాద్‌లో అర్జీ పెట్టేదెవరు, వెతికించేదెవరు? బతికున్న మనిషిని తానే పాతిపెట్టినట్టవుతుంది.

ఆమె పేపర్ని గడపలో వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. ముఖం చూడలేదు. ముఖం చూస్తే ఏడుపొస్తుందని తెలుసు. చేతులు చూసింది.

"భాయిసాబ్, గిటు రండి. ఆయన పైసలిస్తలేడు. పైసలిచ్చేటోడు ఎదుటోని బొటనవేలు ఎందుకు మడుస్తడు? రెండు పక్కల నుంచి ఎందుకు నొక్కుతడు? మనం గాజులకు పట్టే పట్టు గిది."

"ఆడ మొగోళ్లకు గాజులెక్కిస్తుండా?"

"ఎక్కిస్తలేడు. మోచెయ్యి ఎనక్కు గుంజుతుండు చూడండి. తీస్తుండు. ఏం తీస్తుండో నాకు తెల్వది. తీగనో, కడియమో. తీసుడు మాత్రం తీస్తుండు."

గౌస్ వంగి చూశాడు. అతనూ గాజులమ్మే ఇంట్లో పుట్టినవాడే, ఆ పట్టు అతనికీ తెలుసు. ముఖంలో ఆశ వెలిగింది, మళ్లీ ఆరిపోయింది.

"సరే, పైసలు పంచలే. పంచనోన్ని సంపరా? పేపర్ల అచ్చేసిండ్రు బేటీ, సంపిండ్రని."

రేడియో ఏమంటుందో వినాలని ఫజిలత్ పేపరు మడిచేసింది. సాయంత్రం దాకా ఆగమంది.

ఆ సాయంత్రం వెంకటప్పయ్య అరుగు మీద కాలు పెట్టే చోటు లేదు. వేణువు స్టేషన్, డోలు దేశపు ఏజెంటు ఒకడు సైనికుల కాల్పుల్లో చనిపోయాడంది. డోలు స్టేషన్, వేణువు దేశపు ఏజెంటు ఒకణ్ని జనమే చంపారంది. గౌస్ రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. కొట్టుకునే రెండు దేశాలూ ఒక్క మాట మీద కలిశాయి మరి, షుకూర్ చావు మీద. తన లెక్క తప్పేమోనని ఫజిలత్‌కు మొదటిసారి అనిపించింది. అయినా రాజుగారి స్టేషన్ కూడా పెట్టమంది.

గరగర, ఈల, మళ్లీ గరగర. వెంకటప్పయ్య ముల్లు తిప్పుతూనే ఉన్నాడు. చివరకు గొంతు దొరికింది. అల్లరిమూకల్లో తిరిగిన విదేశీ ద్రోహి ఇంకా పరారీలోనే ఉన్నాడని, ఆచూకీ చెప్పినవాళ్లకు బహుమానమిస్తామని ఆ గొంతు చల్లగా చదివింది.

ఫజిలత్ లేచి నిలబడింది.

"విన్నరా భాయిసాబ్? మీ చెవులతోనే విన్నరు కదా. ఆయన్ను సంపినమని చెప్పుకుంటే ఎవరికి లాభం? రాజుకు. పట్టుకున్నం, సంపినం అని డప్పు కొట్టుకోవాల్సినోడు దొరకలేదంటుండు. తన చేతగానితనం తానే చెప్పుకుంటుండు. గిది జారిన ముక్క."

"ఇంకెవరి గురించో చెప్పిండేమో" అన్నాడు గౌస్.

"అయ్యుండొచ్చు. అయినా చచ్చిండని తెలిసినంక తీస్త గాజులు. అచ్చేసిండ్రని తియ్య."

గౌస్‌కు రోషం వచ్చింది. ఊరి ముందు తన మాట పోయింది. ఇంటికొచ్చి చెప్పులేసుకుంటూ, "నువ్వు గాజులు తీసేదాకా ఈ ఇంట్ల నేను ముద్ద ముట్టను" అన్నాడు.

అమీనా బీ అడ్డొచ్చి అంది. "గౌస్, నీకు పేపర్ మీద నమ్మకం. నా కోడలికి వాని చేతుల మీద నమ్మకం. ఆ చేతుల్ని కన్నదాన్ని నేను. గాజులుండనియ్."

గౌస్ తినకుండానే బస్సెక్కాడు.

ఫజిలత్ మళ్లీ మలారం భుజాన వేసుకుంది. వెంకటప్పయ్య చేత ఇంగ్లీషులో అర్జీ రాయించి హైదరాబాద్ పంపింది. బాటలో కొందరు ముఖం తిప్పుకున్నారు. తిప్పుకున్నవాళ్లనూ ఆమె పేరుపెట్టి పిలిచి పలకరించింది. సంక్రాంతి వెళ్లగానే రాజు దేశం విడిచి పారిపోయాడు. వేణువు స్టేషనూ డోలు స్టేషనూ ఇదంతా ముందే చెప్పామంటే ముందే చెప్పామన్నాయి. షుకూర్ కబురు మాత్రం లేదు. చేతికి షుకూర్ వేసి వెళ్లిన గాజులు ఒక్కొక్కటే చిట్లిపోతూ వచ్చాయి, కొత్తవి ఆమె వేసుకోలేదు. గూడెంలో భీమక్క ఇంట్లో నీళ్ల బిందె దించుతుంటే ఆఖరిది కూడా రాలింది.

ఫజిలత్ ఆ పెంకులు చూస్తూ కూలబడింది. అంతమందితో వాదించిన మనిషి, ఆ రోజు వెక్కివెక్కి ఏడ్చింది. భీమక్క కోయ ఇంటి కోడలు. పెళ్లయిన నాటి నుంచీ ఆమె గాజులన్నీ ఫజిలత్ వేసినవే. భీమక్క మలారం దగ్గరకు లాక్కుని గాజులు విప్పింది.

"ఇన్నేండ్లు నా చెయ్యి నువ్వు పట్టినవ్ గాజులక్కా. ఇయ్యాల నీ చెయ్యి నాకియ్యి."

భీమక్కకు ఆ పట్టు రాదు. అందుకే బాగా పెద్ద సైజు తీసి సులువుగా తోసేసింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఫజిలత్ కళ్లు తుడుచుకుని, సైజు చూడకుండా ఎక్కించేవాళ్లకు బేరం ఎవరిస్తారని తిట్టింది. భీమక్క పకపకా నవ్వింది. ఆ వదులు గాజులతోనే ఆమె మళ్లీ బాట పట్టింది.

ఇప్పపూలు రాలే రోజులొచ్చాయి. వెంకటప్పయ్య కల్లంలో మిరపకాయలు ఏరే ఆడవాళ్లకు గాజులు వేస్తుండగా, బస్సు దగ్గర నుంచి కేక మీద కేక వినిపించింది. ఫజిలత్ పట్టుకున్న చేతిని వదిలేసి, మలారం భుజాన వేసుకుని పరుగెత్తింది.

భద్రాచలం బస్సులోంచి ముందు గౌస్ దిగాడు, తల వంచుకుని. వెనకే షుకూర్. చిక్కి సగమయ్యాడు, గడ్డం పెరిగింది, భుజం మీద అదే గళ్ల తువ్వాలు. ఓడలో బొంబాయి చేరి, అక్కడి నుంచి అన్న దగ్గరకు, అన్నతో ఇక్కడికి. ఊరంతా చూస్తుండగా ఫజిలత్ అతని రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. పది వేళ్లూ ఉన్నాయి. అప్పుడు ముఖం చూసింది.

ఇంతలో లాలు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఫొటో సంగతి అతను మరవలేదు. "పైసలు ఎవరికి పంచినవ్, ఎవరు పంచమన్నరు, చెప్పు."

షుకూర్ అక్కడే చాయ్ బండి బల్ల మీద కూర్చుని చెప్పాడు. పని మానేసిన కూలీల్ని సైనికులు బేడీలేసి లారీ ఎక్కించారట. జనం లారీని చుట్టుముట్టేసరికి లోపలివాళ్లు దూకి పారిపోయారు. అందులో ఒక ముసలి వెల్డరు, చేతికి బేడీతోనే షుకూర్ వాళ్ల సందులోకి వచ్చిపడ్డాడు. మణికట్టు ఒరుసుకుపోయి రక్తం కారుతోంది. షుకూర్ బట్టలుతికే సబ్బు తెచ్చి, గాజు తీసినట్టు తీసేశాడు. అది చూసి ఇంకొకడు చెయ్యి చాపాడు, వాడి వెనక ఇంకొకడు. ఎవడో ఫొటో తీసుకుని పోయాడు. ఆ తర్వాత సైనికులు వెతుకుతుంటే ఆ కూలీల ఇళ్లే అతన్ని ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి దాచి కాపాడాయి.

"పెద్ద దేశాలు ఎనక ఉన్నయో లేవో నాకు తెల్వది సాబ్. ఉంటే ఉండొచ్చు. మా సందుల మాత్రం పరాయిదేశపోణ్ని నేనొక్కణ్నే. నా దగ్గరున్నది సబ్బుముక్క, అది కూడా కంపెనీదే."

జనం గొల్లుమన్నారు. లాలు నమ్మలేదు. బేడీలు గాజులా, సబ్బు రాస్తే రావడానికి? పంతానికి తన దగ్గరున్న జత తీసి షుకూర్ కుడిచేతికి ఒకటి తగిలించాడు. ఆ కాలపు బేడీలు దొంగలందరికీ ఒకటే సైజు.

షుకూర్ ఆ చెయ్యి ఫజిలత్ ముందుకు చాపాడు. "నువ్వు తియ్యి."

చాయ్ బండి నుంచి సబ్బు వచ్చింది. ఫజిలత్ నురగ చేసి రాసింది. బొటనవేలు మడిచింది, రెండు పక్కల నుంచీ నొక్కింది, మోచెయ్యి వెనక్కి లాగింది. పేపర్లో ఉన్న పట్టే, అచ్చం అదే. చేతులే మారాయి. బేడీ జారి టంగుమని బల్ల మీద పడింది. చర్ల బస్టాండులో అంత కేక అంతకు ముందు ఎప్పుడూ లేవలేదు. వెంకటప్పయ్య అందరికంటే గట్టిగా అరిచాడు. "పేపర్లో ఇది వేయించకపోతే నా పేరు మార్చుకుంటా" అన్నాడు కూడా. ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడుగానీ వాళ్లు వెయ్యలేదు, ఈయన పేరూ మారలేదు. పేపరు మాత్రం ఇంకోటి తెప్పించుకున్నాడు.

"ఎస్సై సాబ్‌కు చెప్పకండి" అంటూ లాలు బేడీలు జేబులో వేసుకున్నాడు.

షుకూర్ ఆమె చెయ్యి వదల్లేదు. మోచేతి దాకా జారిపోతున్న గాజుల్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"గివి నీ సైజు కావు. ఎవరెక్కించిండ్రు?"

"భీమక్క."

"తీస్తున్న."

"తియ్యి" అంది ఫజిలత్.

ఆమె చేతులకు సబ్బు నురగ ఇంకా ఆరలేదు. షుకూర్ ఒక్కొక్క గాజే తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె భుజం మీది మలారంలోంచి రెండు-నాలుగు ఎర్రగాజులు ఏరి, ఒక్కొక్కటే ఎక్కించాడు. ఫజిలత్ మొగుడి వైపు చూడలేదు. పక్కన నిలబడి కళ్లొత్తుకుంటున్న గౌస్ వైపు చూసింది.

"భాయిసాబ్, గాజులు తీసిన. ఇగ అన్నానికి రండి."